దిగుదారిలో మోకాళ్లకు తోడు: ట్రెకింగ్ పోల్స్ వాడకం, సంరక్షణ

చార్‌ధామ్ యాత్రాకాలం ఆరంభమయ్యేసరికి దేశ రాజధాని ప్రాంతం హిమాలయాలకు వాకిలిగా మారుతుంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఏపీ ఎక్స్‌ప్రెస్ వంటి రైళ్లలో న్యూఢిల్లీ చేరుకునే తెలుగు యాత్రికులు ఇక్కడి నుంచి హరిద్వార్, రుషికేశ్‌ల వైపు సాగిపోతారు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, గాజియాబాద్‌లలో స్థిరపడిన తెలుగువారు సైతం సెలవులు కలిసివచ్చినప్పుడు ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్ పర్వత మార్గాలకు బయలుదేరుతుంటారు. వీరి సామానులో తరచుగా కనిపించే వస్తువు ట్రెకింగ్ పోల్. మడిచి సంచిలో పెట్టుకోగల ఈ తేలికపాటి చేతికర్రను కొనడం సులువే. అయితే పొడవు సరిచూసుకోకుండా, పట్టీ ధరించే తీరు తెలియకుండా, బిగింపులను పరీక్షించకుండా కొండదారి పడితే ఊతమివ్వవలసిన కర్రే పడిపోవడానికి కారణం కాగలదు.

ఎక్కడం ఒక ఎత్తు, దిగడం మరో ఎత్తు

కాలినడక యాత్ర అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది తిరుమల. అలిపిరి మార్గంలోని 3,550 మెట్లను, శ్రీవారి మెట్టు మార్గంలోని 2,388 మెట్లను ఎక్కి స్వామివారిని దర్శించుకునే భక్తులలో చాలామంది తిరుగు ప్రయాణం బస్సులో చేస్తారు. చిరుతపులి దాడి నేపథ్యంలో 2023లో తిరుమల తిరుపతి దేవస్థానం నడకదారి భక్తులకు చేతికర్రలు అందజేసింది. ఆ కర్రల ప్రయోజనం వన్యమృగాల నుంచి ఆత్మరక్షణ. నడకకు ఊతంగా కర్రను వాడటం వేరే విద్య. కొండను కాలినడకన దిగడం కూడా అలవాటు లేనివారికి కొత్త విషయమే.

కేదార్‌నాథ్‌లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. గౌరీకుండ్ సముద్రమట్టానికి 1,982 మీటర్ల ఎత్తున, కేదార్‌నాథ్ ఆలయం 3,583 మీటర్ల ఎత్తున ఉన్నాయి. రెంటి నడుమ నడకదారి సుమారు 16 కిలోమీటర్లు. అంటే నడిచి వెళ్లి నడిచి వచ్చే యాత్రికుడు దాదాపు 1,600 మీటర్ల ఎత్తు ఎక్కడమే కాక, అంత ఎత్తునూ దిగవలసి ఉంటుంది. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వే నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో ఆమోదం తెలిపింది. అది అందుబాటులోకి వచ్చేవరకు అత్యధికులకు ఆధారం కాళ్లూ, గుర్రాలూ, డోలీలే.

కైలాస మానసరోవర యాత్రదీ ఇదే తీరు. 2020 నుంచి నిలిచిపోయిన ఈ యాత్ర 2025లో పునఃప్రారంభమైంది. ఎంపికైన యాత్రికులు తొలుత ఢిల్లీలో వైద్య పరీక్షలు చేయించుకోవలసి ఉంటుంది. కైలాస పరిక్రమలో 5,600 మీటర్లకు పైబడిన డోల్మా కనుమను ఎక్కడం ఎంత కష్టమో, ఆవలి వైపు రాళ్ల మధ్య నిటారుగా దిగడం మోకాళ్లకు అంతటి పరీక్ష.

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి మనిషి తనంతట తానే ఆగుతాడు. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, అందువల్ల వేగం పెరుగుతుంది. ప్రతి అడుగులోనూ శరీర భారం కింది కాలిపై పడుతుంది. ఆ వేగాన్ని నిలువరించడానికి తొడ ముందుభాగపు కండరాలు సాగుతూనే బిగుసుకోవాలి. గంటల తరబడి ఇలా సాగితే కండరాలు అలసి, మోకాలి కీలుపై ఒత్తిడి అధికమవుతుంది. పట్టుతప్పి పడిపోయే అవకాశమూ అప్పుడే ఎక్కువ.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. 25 డిగ్రీల వాలుపై రెండు కర్రల సాయంతో దిగినప్పుడు మోకాలి కీలుపై పడే గరిష్ఠ భారాలు 12 నుంచి 25 శాతం వరకు తగ్గినట్లు అందులో తేలింది. ఆ భారంలో కొంత చేతులకు, భుజాలకు మళ్లుతుంది. చేతులు కూడా పనిచేస్తాయి కనుక శరీరం మొత్తంగా ఖర్చు చేసే శక్తి కొంత పెరగవచ్చు. మోకాలి శస్త్రచికిత్స జరిగినవారు, కీళ్ల వ్యాధులు ఉన్నవారు కర్రలపై భరోసాతో కాక వైద్యుల సలహాతోనే యాత్ర తలపెట్టాలి. పర్వత ప్రాంతాలలో ఆక్సిజన్ తగ్గడం వల్ల కలిగే అనారోగ్యానికి కర్ర ఏ విధంగానూ పరిష్కారం కాదు.

కర్ర పొడవు ఎంత ఉండాలి?

కర్రను పాదం పక్కన నిలువుగా ఆనించి పిడిని పట్టుకున్నప్పుడు మోచేయి లంబకోణంలో, అంటే 90 డిగ్రీల వంపులో ఉండాలి. సమతల నేలకు అదే సరైన పొడవు. సుమారు 165 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తికి ఇది చాలావరకు 110 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. బూట్లు వేసుకున్న తరువాతనే కొలత చూసుకోవడం మంచిది.

నిటారైన దారి ఎక్కేటప్పుడు కర్రను 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించుకోవాలి. లేకుంటే భుజాలు పైకి లేచి మెడ, వీపు నొప్పి పుడతాయి. దిగేటప్పుడు అంతే మేర పెంచుకోవాలి. పొట్టి కర్రతో దిగితే నడుము ముందుకు వంగి, వీపున ఉన్న సంచి బరువుతో మనిషి తూలిపోతాడు. కొండ పక్కవాలుగా సాగే దారిలో ఎగువ వైపు కర్ర పొట్టిగా, దిగువ వైపు కర్ర పొడవుగా ఉంచాలి. గొట్టంపై తయారీదారులు ముద్రించిన గరిష్ఠ గుర్తును దాటి కర్రను ఎన్నడూ లాగరాదు. లోపలి గొట్టం తగినంత మేర ఇమిడి ఉండకపోతే బరువు పడినప్పుడు అక్కడే వంగుతుంది లేదా విరుగుతుంది.

పట్టీ అలంకారం కాదు

పిడికి ఉండే పట్టీలోకి చేతిని పైనుంచి దూర్చడం సాధారణంగా జరిగే పొరపాటు. చేతిని పట్టీ కింది నుంచి పైకి తీసుకువచ్చి, పట్టీని, పిడిని కలిపి పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు ద్వారా పట్టీ మీద పడుతుంది. వేళ్లతో పిడిని గట్టిగా బిగించి పట్టుకోవలసిన అవసరం ఉండదు, ముంజేయి అలసిపోదు.

అయితే పట్టీని తొలగించవలసిన సందర్భాలూ ఉన్నాయి. కర్ర మొన రాళ్ల సందులలో ఇరుక్కునే చోట, జారిపడే అవకాశమున్న చోట, వాగు దాటేటప్పుడు చేతులను పట్టీల నుంచి విడిపించుకోవాలి. పడిపోయే క్షణంలో చేయి కర్రకు చిక్కుకుంటే బొటనవేలి కీలు, మణికట్టు దెబ్బతినవచ్చు. చేతులతో బండలను పట్టుకుని ఎక్కవలసిన చోట కర్రలను మడిచి సంచికి కట్టుకోవడమే క్షేమం.

నడకలో లయ, దారిలో మర్యాద

సమతల నేల మీద కుడికాలితో ఎడమచేతి కర్ర, ఎడమకాలితో కుడిచేతి కర్ర కదలాలి. ఇది సహజమైన నడక లయే. నిటారుగా దిగేటప్పుడు ముందుగా కర్రలను దిగువన ఆనించి, అవి నిలిచాయని నిర్ధారించుకున్న తరువాతే అడుగు వేయాలి. మోకాళ్లను కొద్దిగా వంచి ఉంచాలి. భయంతో వెనక్కు వాలితే పాదం జారుతుంది.

రద్దీగా ఉండే యాత్రామార్గాలలో కర్ర మొన వెనుక నడిచేవారికి తగలకుండా చూసుకోవాలి. గుర్రాలు, కంచర గాడిదలు ఎదురైనప్పుడు లోయ వైపు కాక కొండ వైపు ఒదిగి నిలబడి, రెండు కర్రలనూ శరీరానికి దగ్గరగా పట్టుకోవాలి. పూల లోయ వంటి సున్నితమైన ప్రాంతాలలో దారి అంచులలోని మొక్కలను కర్రతో పొడవరాదు.

ఎడ్లను తోలే ములుగర్రకు చివర ముల్లు ఉన్నట్టే ట్రెకింగ్ పోల్‌కు టంగ్‌స్టన్ కార్బైడ్ మొన ఉంటుంది. మట్టిలో, మంచుగడ్డపై అది పట్టునిస్తుంది. సిమెంటు దారిపై, రాతి పలకలపై మాత్రం జారుతుంది, త్వరగా అరుగుతుంది. అటువంటి చోట మొనకు రబ్బరు తొడుగు వేసుకోవాలి. మెత్తని మంచులో, బురదలో కర్ర లోతుగా దిగబడకుండా మొనకు కొంచెం పైన వెడల్పాటి ప్లాస్టిక్ బిళ్లను అమర్చుకోవచ్చు.

వెదురు, అల్యూమినియం, కార్బన్

గౌరీకుండ్ వంటి చోట్ల యాత్రికులకు సాదా కర్రలు తక్కువ ధరకు లభిస్తాయి. ఒక్కసారి యాత్రకు వెళ్లేవారికి అవి చాలు. పొడవు మార్చుకునే వీలు లేకపోవడం వాటి పరిమితి. తరచుగా పర్వతయాత్రలు చేసేవారు ఎంచుకునే కర్రలు రెండు రకాలు. అల్యూమినియం కర్ర కొంత బరువైనా, ఒత్తిడి అధికమైతే సాధారణంగా వంగుతుంది. కార్బన్ ఫైబర్ కర్ర తేలికైనది, కానీ రాతి దెబ్బ తగిలి గీత పడిన చోట హఠాత్తుగా విరగవచ్చు. రాళ్ల దారులలో నడిచే కొత్తవారికి అల్యూమినియమే అనువైనది.

గొట్టాలను నిలిపి ఉంచే బిగింపులలోనూ రెండు పద్ధతులున్నాయి. ఒకటి మెలితిప్పి బిగించేది, రెండవది బయటి మీటను నొక్కి బిగించేది. మీట బిగింపు చేతి తొడుగులతో కూడా పనిచేస్తుంది, వదులైతే కంటికి తెలుస్తుంది. ఏ పద్ధతి అయినా పరీక్ష ఒక్కటే. కర్రను బిగించి, నేలకు ఆనించి, శరీర భారాన్ని క్రమంగా మోపాలి. గొట్టం లోపలికి జారితే ఆ కర్రను నమ్మి దిగుదారి పట్టరాదు. ప్రతి ఉదయం నడక మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయడానికి అర నిమిషం చాలు.

ఇంటికి చేరిన తరువాత

ట్రెకింగ్ పోల్స్ పాడయ్యేది కొండ మీద కంటే ఇంటి మూలలోనే ఎక్కువ. యాత్ర ముగించుకుని వచ్చిన అలసటలో తడి కర్రలను మడిచి అలాగే పక్కన పెట్టడం ఇందుకు కారణం. గొట్టాల మధ్య చిక్కుకున్న తేమ వల్ల అల్యూమినియంపై తెల్లని పొడి ఏర్పడి, భాగాలు కదలకుండా బిగుసుకుపోతాయి. ఢిల్లీ వర్షాకాలపు ఉక్కలో ఈ ప్రక్రియ మరింత త్వరపడుతుంది. చక్కని ఎండ కాసే రోజుల్లోనూ రాజధాని దుమ్ము బిగింపులలో చేరి పట్టును తగ్గిస్తుంది.

భాగాలను పూర్తిగా విడదీసి, మట్టిని మెత్తని బ్రష్‌తో తొలగించి, తడి గుడ్డతో తుడవాలి. నీడలో విడివిడిగా ఆరబెట్టి, పూర్తిగా ఆరిన తరువాతనే కలపాలి. జారుడుగా కదలాలని గొట్టాలకు, బిగింపులకు నూనె గానీ గ్రీజు గానీ పూయరాదు. బిగింపు నిలిచేదే రాపిడి వల్ల. నూనె ఆ రాపిడిని హరిస్తుంది. మీట వదులైతే పక్కనున్న మరను కొద్దికొద్దిగా బిగించి పరీక్షించాలి. అతిగా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. మడత కర్రలలో లోపలి తాడు పీచులు తేలిందేమో చూడాలి. వంగిన అల్యూమినియం గొట్టాన్ని బలవంతంగా సరిచేస్తే అది మరింత బలహీనపడుతుంది. చీలిక కనిపించిన కార్బన్ భాగాన్ని మార్చవలసిందే. నిల్వ ఉంచేటప్పుడు బిగింపులను వదులుగా ఉంచాలి. విమానంలో వెళ్లేవారు వీటిని చేతి సంచిలో కాక చెక్-ఇన్ సామానులో పెట్టుకోవాలి.

అభ్యాసం ఆరావళిలో

రాజధాని ప్రాంతం చాలావరకు మైదానమే. ఇక్కడ రోజూ నడిచేవారికి సైతం వాలు దిగే అలవాటు తక్కువ. కొత్త కర్రలను మొదటిసారిగా కేదార్‌నాథ్ దారిలో విప్పడం కంటే ముందుగా ఆరావళి గుట్టలపై పరీక్షించుకోవడం మేలు. 2022లో జీవవైవిధ్య పరిరక్షణకు సంబంధించి దేశంలో మొదటి ఓఈసీఎం ప్రదేశంగా గుర్తింపు పొందిన గురుగ్రామ్ ఆరావళి బయోడైవర్సిటీ పార్కులో, ఢిల్లీ రిడ్జ్ ప్రాంతంలోని సంజయ్ వన్‌లో మట్టిదారులు, ఎగుడుదిగుళ్లు ఉన్నాయి. యాత్రకు నాలుగైదు వారాల ముందు నుంచి వారానికి రెండు మూడు రోజులు, యాత్రలో మోయబోయే సంచినే వీపున వేసుకుని నడిస్తే పొడవు మార్చడం, పట్టీ తొలగించడం, లయ తప్పకుండా దిగడం చేతికి అలవడతాయి. మోకాలి నొప్పి ఉంటే అదీ ఇంటి దగ్గరే బయటపడుతుంది. బిగింపులో లోపం ఉన్నా ఇక్కడే తెలుస్తుంది, కర్రను మార్చుకునే వ్యవధి అప్పటికి ఇంకా మిగిలి ఉంటుంది.