సంతకం సరే, సమయం మాటేమిటి?

పాత తేదీ స్టాంపు కాగితానికి మన దేశంలో గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. పొలం అమ్ముడయ్యాక, ‘అంతకు ముందే నాకు అగ్రిమెంటు రాసిచ్చాడు’ అంటూ మరొకరు ఊడిపడటానికి అదే ఆయుధం. దస్తావేజు దాఖలైన రోజునే కాదు, గంటను కూడా దాని మీద రాయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

కంప్యూటర్లొచ్చాక ఈ బెడద వదిలిందనుకుంటే పొరపాటే. 2000 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. కంపెనీల దాఖలాలు, ఈ-టెండర్లు, మీ సేవ ధ్రువపత్రాలు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఆ సంతకం ఎవరి సర్టిఫికెట్‌తో పడిందో, ఆ తర్వాత పత్రంలో ఒక్క అక్షరమైనా మారిందో లేదో కచ్చితంగా తెలుస్తుంది. ఎప్పుడు పడిందో మాత్రం తెలియదు. పీడీఎఫ్‌లో కనిపించే తేదీ సాధారణంగా సంతకం చేసిన కంప్యూటర్ గడియారం చెప్పిందే. దాన్ని రెండేళ్లు వెనక్కి తిప్పడానికి హ్యాకరే కానక్కర్లేదు, మౌస్ పట్టడం వస్తే చాలు.

చిక్కంతా ఇక్కడే. డిజిటల్ సర్టిఫికెట్ ఆయుష్షు మన దగ్గర మహా అయితే మూడేళ్లు. ఈలోగా యూఎస్‌బీ టోకెన్ పోతే దాన్ని రద్దు చేయించుకోవాలి. ఆ తర్వాత పడిన సంతకం చెల్లదు. మరి టోకెన్ కొట్టేసినవాడు రద్దుకు ముందటి తేదీ వేస్తే? లేదా ఒప్పందం నష్టం తెచ్చేలా ఉందని గ్రహించిన అసలు మనిషే, టోకెన్ పోయాక ఎవరో చేశారని బుకాయిస్తే? రెండో రకమే ఎక్కువ ప్రమాదం. ఏది నిజమో తేల్చే ఆధారం ఆ పత్రంలో ఉండదు.

దీనికి విరుగుడు మూడో మనిషి గడియారం. స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే అమెరికా పరిశోధకులు 1991లోనే ఈ సమస్య మీద పరిశోధన పత్రం ప్రచురించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రమాణం, ఆర్ఎఫ్‌సీ 3161, 2001లో వచ్చింది. సంతకం పడగానే సాఫ్ట్‌వేర్ దాని వేలిముద్ర లాంటి సంఖ్యను, అంటే హ్యాష్‌ను, టైమ్ స్టాంపింగ్ సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ దానికి సమయం జోడించి, తన సంతకం పెట్టి తిప్పి పంపుతుంది. అసలు పత్రం దాని కంట పడనే పడదు. (ఈ నమ్మకం నోటరీ గుమాస్తా విషయంలో ఉంటుందా?) మన దేశంలో లైసెన్సు ఉన్న సర్టిఫైయింగ్ అథారిటీలు ఈ సేవ అందిస్తాయి. వాటి గడియారాలు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ చూసే భారత ప్రామాణిక కాలంతో సరిపోవాలి.

టైమ్ స్టాంప్ సర్వరోగ నివారిణేమీ కాదు. ఫలానా క్షణానికి ఆ సంతకం ఉన్నదని మాత్రమే అది రుజువు చేస్తుంది, ఎంత ముందు పడిందో చెప్పదు. దాని సొంత సర్టిఫికెట్‌కూ గడువుంటుంది. కాబట్టి దశాబ్దాలు దాచాల్సిన పత్రాలకు గడువు తీరకముందే కొత్త స్టాంప్ వేయించాలి.

మీ చేతికొచ్చిన పీడీఎఫ్ సంగతి తెలుసుకోవాలంటే అడోబ్ రీడర్‌లో సంతకాల ప్యానెల్ తెరవండి. సమయం ఎక్కడి నుంచి వచ్చిందో, టైమ్ స్టాంప్ సర్వర్ నుంచా లేక సంతకం చేసిన వారి కంప్యూటర్ నుంచా అన్నది, అక్కడ ఒక్క వాక్యంలో ఉంటుంది.