వావిలాకు నిజంగా నొప్పి తగ్గిస్తుందా?

బాలింతరాలికి వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయడం మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న ఆచారం. మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మ ఆ ఆకునే వెచ్చచేసి కట్టు కట్టుకుంటుంది. కాలువగట్లమీద, వాగుల వెంట గుబురుగా పెరిగే ఈ చెట్టును సంస్కృతంలో సింధువారమనీ, నిర్గుండి అనీ అంటారు. వావిలికొలను అనే ఇంటిపేరులో ఉన్నదీ ఇదే.

అమ్మమ్మ మాట అబద్ధమా? కాకపోవచ్చు. అయితే అందులో నిజమెంత? ఇది తేల్చడమే కష్టం. నొప్పి ఒకనాడు హెచ్చుతుంది, ఒకనాడు తనంతట తానే తగ్గుతుంది. తగ్గిననాడు కట్టిన ఆకుకు కీర్తి దక్కుతుంది.

అందుకే పరీక్షలు వచ్చాయి. వాపు సంగతి తేల్చడానికి 1962 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. ఎలుకలను జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఉత్త నీళ్ళు, మరొక జట్టుకు ఇండోమెథాసిన్ వంటి పేరుపడ్డ మందు, మిగిలినవాటికి ఆకుసారం వేర్వేరు మోతాదులలో పట్టిస్తారు. ఆపైన సముద్రపు నాచునుంచి తీసిన కరాజీనన్ అనే పదార్థాన్ని వాటి పాదంలోకి సూదితో ఎక్కిస్తారు. కొద్ది గంటలలో పాదం వాస్తుంది. దానిని ద్రవంలో ముంచి, ద్రవం ఎంత పైకి లేచిందో చూసి, ఏ జట్టుకు ఎంత వాచిందో లెక్కకడతారు.

నొప్పికి 1944 నాటి వేడిపలక పరీక్ష ఉంది. సుమారు 55 డిగ్రీల వేడిగల పలకమీద ఉంచిన ఎలుక ఎన్ని సెకండ్లకు పాదం నాకుతుందో చూస్తారు. ఒళ్ళు కాలకముందే దానిని తీసివేయాలి. మూగజీవాల బాధతో కూడిన పని గనుక మన దేశంలో ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ఇటువంటివి చేయరాదు.

ఈ తరహా పరీక్షలకు వావిలి నిలిచింది. ముదురాకులనుంచి నీటితో తీసిన సారం ఎలుకలలో వాపునూ నొప్పినీ కూడా తగ్గించినట్లు శ్రీలంక పరిశోధకులు 2003లో ప్రకటించారు.

ఇంతటితో అమ్మమ్మ గెలిచినట్లేనా? తొందరపడకూడదు. ఎలుక తాగింది ఆకుసారం. బాలింత పోసుకొనేది వేణ్ణీళ్ళు. ఉత్త వేణ్ణీళ్ళకే ఒళ్ళునొప్పులు తేలికపడతాయి గదా! ఆకు గుణమెంతో, వేడి గుణమెంతో తేలాలంటే కొందరికి ఆకుతోనూ, కొందరికి ఆకు లేకుండానూ నీళ్ళు పోయాలి. ఎవరికి ఏవి పోశారో వారికి తెలియకూడదు. కాని ఆ ఘాటువాసనను దాచేదెలా? మనుషులమీద పరీక్ష చిక్కుపడేది ఇక్కడే.

వావిలాకు నీళ్ళు ఒంటికి పడినవారు మానవలసిన పనిలేదు. ఎలుకలకు మేలుచేసింది గదా అని కషాయం కాచి తాగడం మాత్రం తగదు. గర్భిణులు, బాలింతలు అసలే తాగకూడదు. కీలు ఎర్రబడి, జ్వరంతో వాచినప్పుడు ఆకుకట్టునే నమ్ముకుని కూర్చోవడం ప్రమాదం. డాక్టరుగారి దగ్గరకు వెళ్ళినప్పుడు, ఇంట్లో ఏ ఆకు వాడుతున్నదీ దాచకుండా చెప్పడం మంచిది.