పెళ్లి ఫొటోలు పోతే మళ్లీ తీయలేం.. ఎడిటింగ్ కంప్యూటర్‌లో ఏ డ్రైవ్ దేనికి వాడాలో తెలుసా?

ముహూర్తాలు మొదలైతే చాలు.. నిజామాబాద్ జిల్లా మోర్తాడ్ లాంటి మండల కేంద్రాల్లో ఫొటో స్టూడియోల వాళ్లకు నిద్ర ఉండదు. ఇక్కడి నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు ఎక్కువ. లీవ్ దొరక్క చెల్లి పెళ్లికి రాలేకపోయిన అన్నకు ఆ ఫొటోలే పెళ్లి. డిస్క్ పాడైతే మళ్లీ తాళి కట్టించి తీయలేం కదా! అందుకే ఎడిటింగ్ సిస్టమ్ కొనేటప్పుడు ప్రాసెసర్‌తో పాటు డ్రైవ్‌ల లెక్క కూడా చూసుకోవాలి.

ఎంత స్టోరేజ్ కావాలి?

24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఒక్కో రా ఫైల్ సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. ఒక పెళ్లికి 3 వేల ఫొటోలు తీస్తే దాదాపు 90 జీబీ. సీజన్‌లో 20 పెళ్లిళ్లు చేస్తే 1.8 టీబీ దాకా అవుతుంది. వీడియో దీనికి అదనం.

స్పీడ్ ఎక్కడ అవసరం?

మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు 150 నుంచి 250 ఎంబీ, సాటా ఎస్‌ఎస్‌డీ 550 ఎంబీ వరకు చదువుతాయి. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల్లో కొన్ని 7 వేల ఎంబీ కూడా దాటుతాయి. అయితే హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించినంత తేడా, ఒక ఎస్‌ఎస్‌డీ నుంచి ఇంకా ఖరీదైన ఎస్‌ఎస్‌డీకి మారితే ఫొటో పనిలో కనిపించదు. ఆ మిగిలిన డబ్బుతో బ్యాకప్ డిస్క్ కొనడం మేలు.

ఇలా సెట్ చేసుకోండి

* మొదటి డ్రైవ్ (ఎన్‌వీఎంఈ, 500 జీబీ): విండోస్, ఫొటోషాప్, లైట్‌రూమ్.
* రెండో డ్రైవ్ (ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ): ప్రస్తుతం ఎడిట్ చేస్తున్న పెళ్లిళ్లు, లైట్‌రూమ్ క్యాటలాగ్, ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్. నిండా నింపితే స్లో అవుతుంది. కొంత ఖాళీ ఉంచాలి.
* మూడో డ్రైవ్ (హార్డ్ డిస్క్, 4 టీబీ): డెలివరీ అయిపోయిన పనులు. షాపులో సీఎంఆర్ రకం అడగాలి. ఎస్‌ఎంఆర్ రకంలో ట్రాక్‌లు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పెద్ద ఫోల్డర్లు కాపీ చేస్తుంటే స్పీడ్ పడిపోతుంది.
* నాలుగోది (ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్): అన్ని పనుల బ్యాకప్. కాపీ అయ్యాక కేబుల్ తీసేసి ఇంట్లో పెట్టాలి.

రెయిడ్ ఉంటే చాలా?

చాలదు. రెయిడ్ 1లో రెండు డిస్క్‌లలో ఒకే డేటా ఉంటుంది. ఒకటి చెడిపోతే రెండోది ఆదుకుంటుంది. కానీ పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేసినా, వైరస్ వచ్చినా రెండింట్లోనూ పోతుంది. అందుకే అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రాన్ని పాటించాలి. అంటే మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, అందులో ఒకటి వేరే చోట.

ఇవి మర్చిపోవద్దు

* రెండు చోట్ల కాపీ అయ్యేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ చేయొద్దు.
* కాపీ మధ్యలో కరెంట్ పోతే ఫైళ్లు పాడవుతాయి. యూపీఎస్ తప్పనిసరి.
* హార్డ్ డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తే వాడటం ఆపి, ముందు ముఖ్యమైన ఫొటోలు కాపీ చేయాలి. ఎస్‌ఎస్‌డీ అయితే ఏ శబ్దమూ లేకుండానే ఆగిపోవచ్చు.
* నెలకోసారి బ్యాకప్‌లోని నాలుగు ఫొటోలు తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.