తొమ్మిది దాటింది... గేటు పడింది!

పాత ఓమ్నీ, తొమ్మిది వేల బడ్జెట్, పక్క సీట్లో నాన్న. శ్రీశైలం దారిలో మొదటి రోజు నేర్పిన పాఠాలివి.

రాత్రి 9:10. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర మా ఓమ్నీ ఆగింది. అప్పటికే గేటు వేసేశారు. "తొమ్మిది దాటితే పంపం. పొద్దున ఆరింటికి రండి" అన్నాడు అక్కడున్నాయన. పది నిమిషాలే కదా సార్ అని బతిమాలబోయాను. నాన్న నా భుజం మీద చెయ్యేసి, "వద్దురా, ఆయన డ్యూటీ ఆయన చేస్తుండు" అన్నాడు.

అలా మొదలైంది మా క్యాంపర్‌వ్యాన్ యాత్ర. మొదలైంది అనడం కంటే ఆగింది అనడం కరెక్టేమో!

నాన్నది ఎల్బీనగర్‌లో చిన్న కిరాణా షాపు. బేగంబజార్ నుంచి సరుకులు తెచ్చేది ఈ 800 సీసీ ఓమ్నీయే. ఆర్సీకి పదిహేనేళ్లు నిండబోతున్నాయి. అమ్మేద్దామని నాన్న ఓ బేరగాడితో మాట్లాడేశాడు కూడా. పోయే ముందు ఒక్క ట్రిప్ వేద్దాం నాన్నా అని నేనే పట్టుబట్టాను.

రీల్స్‌లో చూసే లక్షల రూపాయల వ్యాన్ కాదు మాది. ప్లైవుడ్ పలక, కాళ్లు, కార్పెంటర్ కూలీ కలిపి 4,500. పరుపు 1,900. స్టవ్ 1,100. రెండు నీళ్ల డబ్బాలు 500. దోమతెర, వెల్క్రో 400. చిన్న ఫ్యాన్ 600. మొత్తం 9,000. ఐదు కేజీల సిలిండర్ మేనత్త దగ్గర అడిగి తెచ్చాం. పెట్రోల్ ఖర్చు వేరే.

ఇంకో మాట. సీట్లు పీకేసి, బాడీ కోసి బండిని శాశ్వతంగా మార్చేద్దామంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకటుంది. అందుకే మేం ఒక్క బోల్టు కూడా కదపలేదు. వెనక సీటు మడిచి, పైన పలక వేశాం, అంతే. ఇంటికెళ్లాక పలక తీసేస్తే మళ్లీ మామూలు ఓమ్నీ.

బయల్దేరే టైమ్ కాదు, చేరే టైమ్ చూడాలి

పొద్దున ఎనిమిదికి బయల్దేరాలని ప్లాన్. సర్దేసరికి 1:15 అయింది. అయినా టెన్షన్ పడలేదు. సొంత బండి, సొంత మంచం, ఎప్పుడు చేరితే ఏంటి అనుకున్నా. కడ్తాల్‌లో టీ తాగాం. డిండి రిజర్వాయర్ పక్కన ఆగి కిచిడీ వండుకున్నాం. సూర్యాస్తమయం వీడియో తీశా. దోమల కాయిల్ కోసం అచ్చంపేటలోకి వెళ్లొచ్చాం.

మన్ననూరు దాటాక ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు ఆ అడవి దారిలో బండ్లను వదలరు. రాత్రుళ్లు రోడ్డు దాటే జంతువులు చక్రాల కింద పడకూడదని ఆ రూలు. ఇది నాకు ముందే తెలుసు. తెలిసీ లెక్క వేసుకోలేదు. వ్యాన్‌లో పడుకోవచ్చు నిజమే, కానీ ఎక్కడ పడితే అక్కడ కాదు. చీకటి పడకముందే ఆగే చోటు తేల్చుకోవాలి. గేట్లు, ఘాట్ల టైమింగ్స్ ముందే రాసుకోవాలి.

ముందు పడుకోండి, తర్వాత కోయించండి

నా ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. మా పలక పొడవు ఐదున్నర. నవ్వకండి! ఇంట్లో టేపుతో వ్యాన్ కొలిచాను గానీ, నన్ను నేను కొలుచుకోలేదు. రాత్రంతా మోకాళ్లు ముడుచుకునే పడుకున్నా. పలక కోయించే ముందు నేల మీద సుద్దముక్కతో గీత గీసి, అందులో ఒక గంట పడుకుని చూడండి.

మొదట కావాల్సింది చివర్లో సర్దండి

డిండి దగ్గర లైటర్ వెతకడానికి ముప్పావు గంట పట్టింది. ఎక్కడుంది? పలక కింద, మూడో డబ్బాలో, చెద్దరు అడుగున. అది తీయాలంటే పరుపు లేపాలి, పలక ఎత్తాలి. అంటే మంచం మొత్తం విప్పాలన్నమాట. ఇప్పుడు లైటర్, టార్చి, బ్రష్, తువ్వాలు, ఒక జత బట్టలు అన్నీ ఒకే సంచిలో, డోరు తీయగానే చేతికందేలా పెట్టాం.

ఇంజిన్ ఎక్కడుందో మర్చిపోవద్దు

ఓమ్నీలో ఇంజిన్ ఉండేది ముందు సీట్ల కిందే. ఆ సంగతి మర్చిపోయి పాల ప్యాకెట్‌ని డ్రైవర్ సీటు వెనకే పెట్టా. డిండి చేరేసరికి విరిగిపోయాయి. బండి ఆపాక కూడా చాలాసేపు ఆ వేడి ఉంటుంది. అందుకే తల వెనక డోరు వైపు పెట్టి పడుకోవాలి.

స్టవ్ విషయంలో మాత్రం జోకుల్లేవు. వంట బండి బయటే. డోర్లు మూసి లోపల వెలిగిస్తే మంటల భయం ఒకటి, కార్బన్ మోనాక్సైడ్ ఇంకోటి. దానికి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకోవడం కూడా అంతే ప్రమాదం. ఇక అడవి రోడ్డు పక్కన ఆపి వండుకోవడమనే ఆలోచనే పెట్టుకోవద్దు.

అడిగి ఆపండి, లెవెల్ చూడండి

గేటు దగ్గర్నుంచి వెనక్కి తిప్పి, రోడ్డు పక్కనున్న ఓ పెట్రోల్ బంకులో ఆపాం. నేను నేరుగా ఓ మూలకి తిప్పబోతే నాన్న ఆపించాడు. దిగి వెళ్లి, "తమ్మీ, పొద్దున ఐదున్నరకు పోతం. ఓ పక్కకు పెట్టుకోవచ్చా?" అని అడిగాడు. బంకు కుర్రాడు లైటు, బాత్రూమ్ రెండూ ఉన్న వైపు చూపించాడు. అడక్కపోతే ఆ సుఖం ఉండేది కాదు.

తర్వాత నాన్న నీళ్ల బాటిల్‌ని పలక మీద అడ్డంగా పెట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్లి డోరుకి తగిలింది. "చూసినవా? గిట్ల పండుకుంటే తెల్లారే సరికి తలనొప్పే" అన్నాడు. బండి రెండు అడుగులు ముందుకి, మళ్లీ కాస్త పక్కకి. బాటిల్ కదలకుండా నిలిచింది. నా ఫోన్‌లో ఉన్న యాప్ కంటే ఇదే నయం.

కిటికీ అద్దాలు కూడా నాన్నే రెండు వేళ్లంత దించి, దోమతెర వేశాడు. "మొత్తం మూస్తే మన ఊపిరికే అద్దాలు తడిసిపోతయ్."

ఇన్ని సంగతులు నీకెలా తెలుసు నాన్నా అని అడిగా.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. 2020 లాక్‌డౌన్ తర్వాత షాపులో బేరాల్లేక కొన్నాళ్లు కూరగాయలు అమ్మాడు. అది నాకు తెలుసు. తెలియంది ఏంటంటే, మంచి సరుకు దొరకాలని ముందు రోజు రాత్రే బోయినపల్లి మార్కెట్‌కి వెళ్లి ఇదే బండిలో పడుకునేవాడట. ఇంట్లో మాత్రం ఫ్రెండ్ దగ్గర ఉన్నానని చెప్పేవాడు. అప్పుడు నేను ఇంటర్. ఆన్‌లైన్ క్లాసుల కోసం కొత్త ఫోన్ కావాలని అలిగి కూర్చున్న రోజులవి.

"పరుపు లేకుండేనా?" అన్నాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"గోనెసంచులు ఉండె. మెత్తగనే ఉంటయ్ తీ" అని అటు తిరిగి పడుకున్నాడు. ఐదు నిమిషాల్లో గురక. నాకే చాలాసేపు నిద్ర పట్టలేదు. ఈసారి తప్పు పలకది కాదు.

పొద్దున ఆరింటికి గేటు ఎత్తారు. లైన్లో మొదటి బండి మాదే. అడవి మొత్తం మంచు, దారంతా నెమ్మదిగా వెళ్లాం. ఈగలపెంట దగ్గర టీ తాగుతుంటే నాన్న ఫోన్ మోగింది. స్క్రీన్ మీద బేరగాడి పేరు.

నాన్న ఓ క్షణం చూసి, సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అడవిల సిగ్నల్ లేదనుకుంటడు తీ. రెన్యువల్ చేపిస్తే ఎన్నేండ్లు వస్తదిరా?"

"ఇంకో ఐదేళ్లు నాన్నా."

"అయితే పలక ఇంకో అర అడుగు పెంచుదాం."