పాట ఇనే అర్రకు ఏ డబ్బా కొనాలె?

మా పెద్దనాయిన డోలి పాడెటోడు. పడిగె ముందర పెట్టుకొని, డోలు మీద చెయ్యేసి గట్టు కథ ఎత్తుకుంటె తెల్లారేదాక ఆగెటోడు గాదు. ఆయన పోయినంక మాకు మిగిలింది సెల్లుల పట్టిన 40 నిమిషాల పాట. దాన్ని మంచిగ ఇందామని ఇంట్ల ఓ అర్ర ఖాళీ చేసి, పత్తి పైసలతోటి ఓ పెద్ద డబ్బా, దాంతోటి ఐదు చిన్న స్పీకర్లు తెచ్చిన. అట్టపెట్టె మీద 5000 వాట్లు అని రాసుంది. పెట్టంగనే రేకులు అదిరినయ్. అమ్మ మాత్రం "ఏ ఇంటిపేరు జెప్తుండురా? ఒక్క మాట తెలుస్తలేదు" అన్నది.

ఆ 5000 అనేది పీఎంపీఓ లెక్క, అంటే రెప్పపాటు గూడ నిలబడని అంకె. మీరు అడగాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు. దుకాణపాయన చెప్పకపోతె డబ్బా ఎనక స్టిక్కరు చూడుండ్రి, కరెంటు ఎంత తాగుతదో రాసుంటది. నాదాని మీద 60 వాట్లు ఉంది. 60 తాగేది 5000 ఎట్ల కక్కుతది?

అసలు అన్ని వాట్లు అక్కరనే లేదు. ఓ మోస్తరు స్పీకరు 1 వాటుకే మీటరు దూరంల 88 డెసిబెల్ దాక ఇస్తది. మనం మామూలుగ మాట్లాడుకునేది 60 దగ్గర. వాట్లు రెట్టింపు చేస్తె పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. పది పన్నెండు అడుగుల అర్రకు నిజమైన 20, 30 వాట్లు మస్తు.

మరి మాట ఎందుకు తెలుస్తలేదు? మాటల తేట అంతా 2000 నుంచి 4000 హెర్ట్జ్ నడుమ ఉంటది. నేను తెచ్చిన దాంట్ల ఆ పని చేసేటియి అరచేతిల పట్టే స్పీకర్లు, పెద్ద డబ్బాదేమో ఉత్త మోత. దానికి తోడు నేను దాన్ని మూలకు పెట్టిన. మూలకు పెడితె మోత ఇంకా పెరుగుతది. 12 అడుగుల గోడల నడుమ 47 హెర్ట్జ్ కాడ, 10 అడుగులకు 56 కాడ శబ్దం ఊగుతనే ఉంటది. ఆ గుంజుడుల గొంతు మునిగిపోయింది.

ఆ డబ్బా అమ్మేసి, రెండే స్పీకర్లు, ఓ చిన్న యాంప్లిఫైయర్ కొన్న. ఈసారి దుకాణానికి పెద్దనాయిన పాట పట్టుకపోయిన. సినిమా పాటతోటి చూడకుండ్రి, అది ఏ డబ్బాలనైన బాగనే ఉంటది. స్పీకర్లు గోడకు రెండడుగులు ఇవతల, చెవి ఎత్తుల పెట్టిన. వాటి నడుమ ఎంత దూరమో, నేను కూసునే కాడికీ అంతే. పక్క గోడ మీద అద్దం జరుపుకుంట పోతె స్పీకరు ఎక్కడ కనబడితె అక్కడ దూది బొంత ఏలాడదీసిన. పలుచని తెర, గుడ్ల అట్టలు పెద్దగ పనికిరావు. రేకుల మీద వాన పడ్తె మాత్రం ఏ స్పీకరూ గెలవది, అప్పుడు బంద్ చేసుడే.

మా దిక్కు లైన్ చివరి ఊర్లల్ల వోల్టేజి పడిపోతది, స్టెబిలైజర్ పెట్టుండ్రి. గుయ్యిమని మోగితె ముందుగాల ఎర్తింగ్ చూపియ్యుండ్రి. పాట వాట్సాప్‌ల పంపితె నలుగుతది, డాక్యుమెంటు లెక్క పంపితె ఉన్నదున్నట్టే వస్తది.

మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారికి డోలి పాటకే 2022ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. 2024 జూన్‌ల ఆయన గూడ పోయిండ్రు. డోలి పాడెటోళ్లు ఏ ఊర్ల ఉన్నా, ఇప్పుడే సెల్లు దగ్గర పెట్టి పట్టుకోండ్రి. పట్టేటప్పుడు ఫ్యాను బంద్ చేయుండ్రి. మా పాటల ఫ్యాను చప్పుడు అట్లనే ఉన్నది, దాన్ని ఏ స్పీకరు తియ్యలేదు.

మొన్న రాత్రి అమ్మ మళ్ల ఇన్నది. మూడు ఇంటిపేర్లు దొరికినయ్. నాలుగోది ఫ్యాను చప్పుడు కింద ఉన్నది. రేపు మా మేనత్తను పిలిపిస్తున్నం, ఆమెకు యాదికుండొచ్చు.