సముద్రానికి సరిహద్దు రాళ్లు

భూమికి సర్వే నంబరు ఉన్నది, పట్టా ఉన్నది, మూలమూలకు రాళ్లున్నవి. తగవు వస్తే అమీను గొలుసు పట్టి కొలుస్తాడు. సముద్రానికి ఇవేవీ లేవు. అయినా నేడు పెక్కు దేశాలు సముద్రాన్ని కూడ నక్షా మీద గీతలు గీసి, ఇక్కడ వేట, ఇక్కడ ఓడల దారి, ఇక్కడ ఎవరూ చేయి పెట్టరాదు అని విభజించుకొంటున్నవి. 2022 డిసెంబరులో మాంట్రియల్ నగరంలో సమావేశమైన దేశాలు 2030 నాటికి సముద్రంలో నూటికి 30 వంతులు రక్షణ క్రిందికి తేవలెనని ఒప్పుకొన్నవి. మరి ఏ ముప్ఫై వంతులు? చిక్కంతా అక్కడే ఉన్నది.

ఇందుకు 2008లో జర్మనీలోని బాన్ నగరంలో జరిగిన జీవవైవిధ్య సభ ఏడు కొలతలు నిర్ణయించినది. అన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు. ఆ చోటు అరుదైనదా, ప్రాణులు సంతానం కనే తావా, నశించిపోతున్న జాతులకు ఆధారమా, ఒకసారి చెడితే తిరిగి కోలుకొనగలదా అన్నవి వానిలో ముఖ్యమైనవి.

మనవారు తరతరాలుగా నివసిస్తున్న ఒడిశా తీరం ఈ కొలతలకు చక్కగా సరిపోతుంది. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు ఏటా ఇక్కడికి లక్షల సంఖ్యలో వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి నూరు గుడ్లకు పైగా పెట్టి పోతవి. 2023లో ఒక్క ఋషికుల్య మొగలోనే ఆరు లక్షలకు పైగా వచ్చినట్లు లెక్క తేలినది. శాస్త్రజ్ఞులు 1974లో గహీర్మఠను, 1981లో దేవీ మొగను, 1994లో ఋషికుల్యను కనుగొన్నారని గ్రంథాలలో ఉన్నది. ఋషికుల్య ప్రక్కనున్న గోఖర్‌కుడ, పురుణబంధ, పొడంపేట గ్రామాలవారు ఈ మాట వింటే నవ్వుకొంటారేమో! అక్కడి పల్లెకారులలో ఇంట తెలుగు మాట్లాడేవారు అనేకులు. తమ గుమ్మం ముందుకు వచ్చే తాబేలును ఇంకొకరు కనుగొనుటేమిటి?

గహీర్మఠలో 1435 చదరపు కిలోమీటర్లు 1997లో అభయారణ్యంగా ప్రకటింపబడినది. దానిలో అత్యధిక భాగం నీరే. ఋషికుల్యకు అటువంటి ప్రకటన లేదు. అక్కడ ఉన్నది కాలాన్ని బట్టి గీచిన గీత. ధామ్రా, దేవీ, ఋషికుల్య మొగల వద్ద 20 కిలోమీటర్ల దూరం వరకు నవంబరు 1 నుండి మే 31 వరకు మరబోట్లు, ట్రాలర్లు వేటాడరాదు. తాబేళ్లు గట్టెక్కేది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో గదా, నవంబరు నుండి ఎందుకని అడుగవచ్చును. అవి జతకట్టేది ఒడ్డుకు దాపుగా ఉన్న నీటిలో, నవంబరు నుండే. తాబేలు ఊపిరికి పైకి రావలెను. ట్రాలరు వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. కనుక ఇసుకను మాత్రం కాపాడి నీటిని వదిలివేస్తే ప్రయోజనం లేదు.

ఇక రెండవ వైపు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా ఎలాగూ వేట నిషేధం. రెండూ కలిపితే ఆ మొగల దగ్గర మరబోటుపై బ్రతికేవానికి ఏడున్నర నెలలు ఆ నీరు లేనట్లే. ప్రభుత్వం భృతి ఇస్తున్నది. ఏడున్నర నెలల సంసారానికి అది ఏ మూలకు? దూరపు రేవులనుండి వచ్చే పెద్ద ట్రాలరు గీతకు ఆవల మరొక చోటు వెదకుకొంటుంది. చిన్న పడవవాడు ఎక్కడికి పోగలడు? గీత ఇద్దరికీ ఒకటే, బరువు మాత్రం ఒకటి కాదు. నా మట్టుకు నాకు గీత అవసరమనే తోస్తున్నది. కాని దానిని గీసేముందు ఏ నెలలో, ఏ లోతున, ఏ వలకు ఏమి పడుతుందో ఆ పల్లెకారులను కూర్చోబెట్టి అడుగవలెను. వల నుండి తాబేలు తప్పించుకొనే ఇనుప చట్రం ఒకటి ఉన్నది. దానిని ట్రాలర్లన్నీ నిజంగా వాడితే గీతలు కొంత సడలించవచ్చునేమో.

తాబేలుకు మన రాష్ట్రాల ఎల్లలు పట్టవు. 2021లో ఒడిశాలో గుర్తుబిళ్ల తగిలించిన ఒక తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టినది!

బరంపురం, గంజాం ప్రాంతాల మన సంఘ సభ్యులు ఒక పని చేయవచ్చును. వేట నిషేధపు ఉత్తరువు వెలువడగానే దానిని తెలుగులో వ్రాసి, తేదీలు, దూరాలు, భృతికి దరఖాస్తు చేసే విధం ఆ గ్రామాలలో చదివి వినిపించవచ్చును. అక్టోబరు నెలలోనే మొదలుపెట్టుట మంచిది.