అరకు ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? కాఫీ తోటలో ఎర్రపండు కనిపిస్తే ఆ ఒక్క పని మాత్రం చేయొద్దు!

చలికాలం మొదలైందంటే చాలు.. హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. అరకు ఎప్పుడు వెళ్దాం? పొగమంచు, సొరంగాల్లోంచి వెళ్లే రైలు, వేడివేడి కాఫీ, బొంగులో చికెన్.. అన్నీ ఒకే ట్రిప్‌లో దొరుకుతాయి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వాళ్లకైతే ఇప్పుడు రైలు కూడా దగ్గర్లోనే.. చర్లపల్లిలో. అయితే ఈసారి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. తోటలో సరదాగా కోసి జేబులో వేసుకునే గుప్పెడు కాఫీ పండ్లు.. ఓ గిరిజన కుటుంబం ఏడాది కష్టాన్ని దెబ్బతీయొచ్చు. అదెలాగో చూద్దాం.

చర్లపల్లి నుంచి ఎలా వెళ్లాలి?

చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. ఇక్కడ 9 ప్లాట్‌ఫామ్‌లు ఉన్నాయి. లింగంపల్లి - విశాఖ జన్మభూమి ఎక్స్‌ప్రెస్‌ను కూడా 2025 ఏప్రిల్ నుంచి సికింద్రాబాద్‌కు బదులు చర్లపల్లి మీదుగా నడుపుతున్నారు. ఇది పగటి బండి. ఉదయం ఎక్కితే రాత్రికి విశాఖలో దిగుతారు. పండగల సీజన్‌లో ప్రత్యేక రైళ్లు కూడా వేస్తుంటారు. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసేముందు ఒకసారి చెక్ చేసుకోండి.

మర్నాడు ఉదయం విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజర్ ఎక్కాలి. అరకుకు దాదాపు నాలుగు గంటల ప్రయాణం. నిజానికి ఈ లైన్ టూరిస్టుల కోసం వేసింది కాదు. బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు తేవడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేశారు. 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చింది. సీజన్‌లో దాని సీట్లు త్వరగా అయిపోతాయి.. ముందే బుక్ చేసుకోవడం మంచిది. దారిలో బొర్రా గుహల దగ్గర దిగొచ్చు. రోడ్డు మీదైతే ఎస్.కోట, అనంతగిరి ఘాట్ మీదుగా విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు.

తోటా? అడవా?

అనంతగిరి దాటాక చాలామందికి వచ్చే డౌట్ ఇది. ఇక్కడి కాఫీ నీడలో పెరుగుతుంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద భుజం ఎత్తు కాఫీ మొక్కలు.. చూడ్డానికి అడవిలాగే ఉంటుంది. పోడు సాగు తగ్గించేందుకు ప్రభుత్వం ఐటీడీఏ ద్వారా కాఫీని ప్రోత్సహించింది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా తోటలున్నాయి. ఎక్కువగా ఎకరం, రెండెకరాల గిరిజన రైతులే. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ షాపు తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు జీఐ గుర్తింపు దక్కింది.

మార్చి, ఏప్రిల్‌లో జల్లు పడితే తెల్లటి పూలు విరగబూస్తాయి. నవంబర్ నుంచి పండ్లు ఎర్రబడతాయి. సరిగ్గా అప్పుడే టూరిస్టుల రద్దీ కూడా పెరుగుతుంది. సమస్య అక్కడే మొదలవుతోంది.

ఏంటీ బెర్రీ బోరర్?

2025లో అరకు ప్రాంతంలోని తోటల్లో కాఫీ బెర్రీ బోరర్ అనే పురుగు బయటపడింది. దీని పుట్టిల్లు ఆఫ్రికా. మన దేశంలో తొలిసారి 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో కనిపించింది. తర్వాత కర్ణాటక, కేరళ తోటలకూ పాకింది.

సైజు రెండు మిల్లీమీటర్ల లోపే. ఆడపురుగు కాయ కొసన సన్నని రంధ్రం చేసి లోపలికి దూరుతుంది. గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ గింజనే తింటూ పెరుగుతాయి. లోపల ఉండటంతో మందు కొట్టినా పెద్దగా తగలదు. అందుకే పురుగు సోకిన కాయల్ని కోసి, మరిగే నీళ్లలో వేసి, గోతుల్లో పూడ్చారు. అంటే రైతు తన పంటను తన చేత్తోనే నాశనం చేసుకోవాల్సి వచ్చింది.

ఈ పురుగు తనంతట తాను ఎక్కువ దూరం ఎగరలేదు. కాయలు, గింజలు, గోనె సంచులు, వాహనాల ద్వారానే దూరం ప్రయాణిస్తుంది. సెల్ఫీ కోసం ఒక తోటలో పండ్లు కోసి, పది కిలోమీటర్ల అవతల మరో తోట దగ్గర పారేస్తే చాలు.. పురుగుకు ఫ్రీగా లిఫ్ట్ ఇచ్చినట్టే!

మరి టూరిస్టులు ఏం చేయాలి?

* రైతు అనుమతి లేకుండా తోటలోకి దిగొద్దు. అది పార్కు కాదు, వాళ్ల పొలం.
* పండ్లు కోయొద్దు, కింద రాలినవి ఏరొద్దు. రాలిన పండ్లలోనే పురుగు తర్వాతి పంట దాకా బతుకుతుంది.
* పచ్చి గింజలు, మొక్కలు ఇంటికి తెచ్చుకోవద్దు. వేయించిన గింజలు, పొడి నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు. వేయించే వేడికి పురుగు బతకదు.
* తోట నుంచి బయటికొచ్చాక బ్యాగులు, బట్టలు ఒకసారి దులుపుకోండి.
* ప్యాకెట్ మీద చికోరీ శాతం చూడండి. నిబంధనల ప్రకారం మిశ్రమంలో 51 శాతం కాఫీ ఉంటే చాలు. అసలు రుచి కావాలంటే చికోరీ లేనిది అడగండి.

వంజంగి వెళ్తే జాగ్రత్త

మేఘాల సముద్రం చూడాలంటే పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కాల్సిందే. సూర్యోదయానికి పైన ఉండాలంటే చీకట్లోనే నడక మొదలవుతుంది. టార్చ్, గ్రిప్ ఉన్న షూ, స్వెటర్ తప్పనిసరి. మంచు దట్టంగా ఉంటే అంచు కనిపించదు.. రీల్స్ కోసం ముందుకు వెళ్లొద్దు. ఘాట్‌లో రాత్రి డ్రైవింగ్ మానుకుంటే మంచిది. జలపాతాల దగ్గర పైన వాన పడితే కింద ఒక్కసారిగా నీరు పెరుగుతుంది. వానాకాలంలో కొండచరియలు పడి రైళ్లు ఆగిన సందర్భాలూ ఉన్నాయి.

అరకులో తాగే ఒక్కో కప్పు వెనుక, ఎర్రబడిన పండ్లనే ఏరి ఏరి కోసిన చేతులున్నాయి. పండు చెట్టు మీదే వదిలేయండి.. పొడి ప్యాకెట్ కొనుక్కుని రండి. రైతుకు మేలు, మీకు మంచి కాఫీ!